స్టీరింగ్ వణికినా, ముందు చక్రాల దగ్గర శబ్దం వచ్చినా

ఒంగోలు దాటి కావలి వైపు హైవే మీద 80 దాటగానే స్టీరింగ్ వణికి, 110 దగ్గర తగ్గిపోతోందా? ముందు అనుమానించాల్సింది వీల్ బ్యాలెన్సింగ్‌ని, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా లేదా అన్నది. చాలామంది అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించి వచ్చి, వణుకు పోలేదని మెకానిక్‌ని తిట్టుకుంటారు. అలైన్‌మెంట్ బండి పక్కకి లాగుతున్నప్పుడు, టైరు ఒక అంచే అరుగుతున్నప్పుడు చేయించేది.

డబ్బు పెట్టేముందు రిమ్ము లోపలివైపు చూడండి. పొలాల దారుల్లో తిరిగిన బండికి రేగడిమన్ను అక్కడ ముద్దకట్టి ఎండిపోతుంది. గీకి కడిగితే ఒక్కోసారి వణుకు అక్కడితో సరి. పోకపోతే బ్యాలెన్సింగ్. అప్పటికీ ఉంటే ముందు చక్రాలు వెనక్కి వేసి నడపండి. వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి చేరితే తప్పు టైరుదో రిమ్ముదో.

బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుంటే డిస్కులు చూపించండి. యాక్సిలరేటర్ నొక్కితే వణికి, కాలు తీయగానే ఆగితే లోపలి సీవీ జాయింట్ (ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే ఇరుసు కీలు). స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలేటప్పుడు టకటకమంటే బయటి సీవీ జాయింట్. దాని రబ్బరు తొడుగు (బూటు) చిరిగి రిమ్ము లోపల గ్రీజు చిమ్మి ఉంటుంది.

వేగంతోపాటు పెరిగే మోత టైరుదైనా కావచ్చు, బేరింగుదైనా కావచ్చు. ఖాళీ రోడ్డు మీద 60లో కొంచెం ఎడమకి తిప్పండి. బరువు కుడిచక్రం మీదికి వస్తుంది. అప్పుడు మోత పెరిగితే చాలావరకు కుడి బేరింగే. బండి చదును నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు చక్రం లేపి స్టాండు మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్మొద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చెయ్యి ఆ చక్రం సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి. బేరింగు పోతే చెవికి వినపడకపోయినా ఆ గరగర చేతికి తెలుస్తుంది.

చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమనండి: ఆట పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింట్ (చక్రాన్ని కింది ఆర్మ్‌కి కలిపే కీలు). పక్కల పట్టి ఊపినప్పుడే ఆడితే టై రాడ్ ఎండ్ లేదా రాక్ ఎండ్, అంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీకి రెండు చివర్లా ఉండే కీళ్లు.

చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్లలో ఎక్కువ విసిగించేది చిన్న గుంతల్లో వచ్చే టకటక. నెమ్మదిగా పోతున్నా వస్తుంటే ముందు లింక్ రాడ్లు చూడండి. బండి పక్కకి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ చివర్లని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీలివి. రెండు చక్రాలూ నేల మీదున్నప్పుడే లింకును ఊపి చూడాలి. ఒక్క చక్రమే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింకును బిగపట్టేస్తుంది, లూజు బయటపడదు.

బ్రేకు వేసినప్పుడో, రివర్స్ తీసినప్పుడో ఒక్కసారి 'ఠక్' అంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది ఆర్మ్) రబ్బరు బుష్‌లు. కొత్తవి వేయడంలో జరిగే పొరపాటు ఒకటుంది: చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, తొందరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇవ్వమనండి. ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. దాని అవసరం ఇక్కడుంది.