నాంత్‌లో రెండు రోజులు: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

పారిస్‌కు పశ్చిమాన, లువార్ నది మీద ఉంటుంది నాంత్. 1987లో ఊళ్లోని ఓడల కార్ఖానా మూతపడింది. ఖాళీగా మిగిలిన షెడ్లు, గోదాములు మెల్లమెల్లగా కళాకారుల చేతికొచ్చాయి. అందుకే ఇక్కడ చూడాల్సింది మ్యూజియం గోడల మీద కన్నా వీధుల్లోనే ఎక్కువ. టికెట్ల ఖర్చు తక్కువ, కాళ్లకు పని ఎక్కువ. అలాగని ప్లాన్ లేకుండా బయల్దేరకండి. వెళ్లే రోజుల విషయంలో, జనాన్ని ఎక్కించుకుని నడిచే ఇక్కడి యంత్రాల ఏనుగు టికెట్ విషయంలో చాలామంది దెబ్బతింటారు.

1. ముందు రోజులు, తర్వాతే రైలు

శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం రాత్రి తిరుగు రైలెక్కడం అన్నిటికన్నా మంచిది. 2021 ఏప్రిల్ నుంచి శని, ఆదివారాల్లో నాంత్‌లో ట్రాములు, బస్సులు, నది దాటించే నావిబస్ అందరికీ ఉచితం. పర్యాటకులకూ అంతే, టికెట్ తీసుకునే పనే లేదు. విమానాశ్రయం షటిల్ బస్సుకు మాత్రం ఏ రోజైనా డబ్బు కట్టాల్సిందే.

సోమ, మంగళవారాల్లో వెళ్తే తలుపులు మూసి ఉంటాయి. కోటలోని మ్యూజియానికి వేసవి మినహా సోమవారం సెలవు, ఆర్ట్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ఆదివారం మ్యూజియాలు తెరిచే ఉంటాయి కానీ దుకాణాలు చాలావరకు మూతపడతాయి.

నెల విషయానికొస్తే, జూలై, ఆగస్టుల్లో జరిగే 'లె వ్వాయాజ్ ఆ నాంత్' అనే కళోత్సవం కోసం వీధుల్లో కొత్త శిల్పాలు వెలుస్తాయి. జనం ఉన్నా ఇదే సరైన కాలం. జనవరిలో యంత్రాల ఏనుగు కొన్ని వారాలు విశ్రాంతి తీసుకుంటుంది, ఆ నెల వద్దు. జనవరి చివర్లో, ఫిబ్రవరి మొదట్లో 'లా ఫోల్ జూర్నే' అనే శాస్త్రీయ సంగీతోత్సవం వల్ల హోటళ్లు నిండిపోతాయి.

2. వీసా

భారత్ నుంచి వెళ్లేవారికి షెంగెన్ వీసా (ఫ్రాన్స్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా) కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు చేయాలన్నది నిబంధన, కానీ అంతవరకూ ఆగితే రిస్కే. రెండు నెలల ముందే చేయండి. పెద్దలకు వీసా ఫీజు 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ కేంద్రంలో ఫ్రాన్స్ దరఖాస్తులు తీసుకుంటారు. ఇదే ట్రిప్‌లో ఇంకో షెంగెన్ దేశంలో ఎక్కువ రాత్రులు గడుపుతుంటే దరఖాస్తు ఆ దేశానికే వేయాలి. ఇక్కడ పొరపడితే ఫైలు వెనక్కి వస్తుంది.

3. రైలు

పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. షార్ల్ ద గోల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ కింద ఉన్న స్టేషన్ నుంచి కూడా నాంత్‌కు నేరుగా రైళ్లున్నాయి. రోజుకు కొన్నే కాబట్టి విమానం బుక్ చేసే ముందే వాటి వేళలు చూసుకోండి. అవి కుదరకపోతే ఆర్ఈఆర్ బి అనే లోకల్ రైల్లో దాఁఫేర్ రోషెరో దాకా వెళ్లి, అక్కడ మెట్రో మారి మోంపర్నాస్ చేరాలి. ఇమిగ్రేషన్, లగేజీ, ఈ మారడం అన్నీ కలుపుకుంటే విమానం దిగడానికీ రైలు ఎక్కడానికీ మధ్య మూడు గంటలైనా ఉండాలి. చవక టికెట్లు చాలావాటికి రైలు తప్పితే డబ్బు తిరిగి రాదు. బయల్దేరే వేళకు రెండు నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు.

బస గ్రాలాఁ, కొమ్మేర్స్ పేటల్లో చూసుకోండి. బూఫే అందమైన పాత పేటే, కానీ బార్ల వల్ల అర్ధరాత్రి దాటినా గోల ఆగదు.

4. ఏనుగు

పాత కార్ఖానా స్థలంలో 2007లో తెరిచిన 'లె మషీన్ ద లీల్'లో చెక్క, ఉక్కుతో చేసిన ఏనుగు ఉంది. ఎత్తు 12 మీటర్లు, బరువు 48 టన్నులు, ఒకసారికి సుమారు 50 మందిని ఎక్కించుకుని అరగంట నడుస్తుంది. ఈ ఊళ్లో పుట్టిన జూల్స్ వెర్న్ 1880లో రాసిన ఒక నవలలో ఆవిరి ఏనుగొకటి ఉత్తర భారతమంతా తిరుగుతుంది. దీనికీ దానికీ చుట్టరికం ఉంది.

ఏనుగు సవారీ, యంత్రాల గ్యాలరీ, సముద్ర జీవుల రంగులరాట్నం వేటికవే టికెట్లు. ఏనుగుకు ఆన్‌లైన్‌లో ముందుగా కొనండి. దొరక్కపోతే ఆ రోజు కౌంటర్ తెరిచేసరికి క్యూలో ఉండండి. మధ్యాహ్నం వెళ్తే తరచూ 'అయిపోయాయి' అనే జవాబే వస్తుంది. నిజం చెప్పాలంటే ఎక్కి కూర్చున్నవాళ్లకు ఏనుగు కనబడదు. కింద నిలబడితే కాళ్లు కదిలే తీరు, తొండంతో నీళ్లు చిమ్మడం అన్నీ ఉచితంగా చూడొచ్చు. డబ్బు ఒక్కదానికే పెట్టాలంటే, పిల్లలుంటే రంగులరాట్నానికి, లేకపోతే గ్యాలరీకి పెట్టండి. వాన, గాలి, మరమ్మతుల వల్ల ఏనుగు ఆగిపోవడమూ ఉంటుంది. కాబట్టి దీన్ని శనివారానికే పెట్టుకోండి, కుదరకపోతే ఆదివారం మిగిలే ఉంటుంది.

5. శనివారం: ఆకుపచ్చ గీత

ఊళ్లో నేల మీద ఒక ఆకుపచ్చ గీత గీసి ఉంటుంది. దాని వెంట నడిస్తే కళాకృతులన్నీ వరసగా వస్తాయి. మొత్తం పది కిలోమీటర్లు దాటుతుంది, ఒక్క రోజులో పూర్తిచేయాలని పంతం పట్టొద్దు.

స్టేషన్ ఉత్తర ద్వారం దగ్గర మొదలుపెట్టండి. దక్షిణ ద్వారంలోంచి బయటికొస్తే ఊరు అటువైపు ఉండిపోతుంది. ఎదురుగానే జార్దాఁ దె ప్లాంత్ అనే తోట, ప్రవేశం ఉచితం. అక్కడి నుంచి పాత ఎల్‌యూ బిస్కెట్ ఫ్యాక్టరీకి నడవండి, 2000 నుంచి అది 'లె ల్యూ యునీక్' అనే కళాకేంద్రం. పక్కనే బ్రెటన్ ప్రభువుల కోట. లోపలి ఆవరణ, బురుజుల మీద నడక ఉచితం, మ్యూజియానికే టికెట్. బూఫే కూడలిలో ఒక కాలు గాల్లో పెట్టి నిలబడ్డ సూటు మనిషి విగ్రహం చూసి, 1843 నాటి పసాజ్ పొమ్మరే అనే మూడంతస్తుల బజారు మెట్లు దిగండి.

తర్వాత నది ఒడ్డున బానిసత్వ నిర్మూలన స్మారకం. ఫ్రాన్స్‌లో బానిసల వ్యాపారానికి అతిపెద్ద రేవు నాంతే. నేల మీద పరిచిన 2,000 గాజు పలకల్లో ఎక్కువవాటి మీద ఆ ఓడల పేర్లు, తేదీలు ఉంటాయి. కట్ట కిందికి దిగాకే అసలు భాగం మొదలవుతుంది, అరగంట కేటాయించండి. వంతెన దాటితే ఏనుగు ఉండే దీవి. దాని కొసన కట్ట పొడవునా కళాకారుడు డానియల్ బ్యూరెన్, ఆర్కిటెక్ట్ పాట్రిక్ బూషాఁ నిలిపిన 18 వలయాలున్నాయి. రాత్రి వాటికి దీపాలు వెలుగుతాయి. జూన్‌లో పది దాటితే గానీ చీకటి పడదు, భోజనం చేసి వెళ్లండి.

పాత గైడ్లలో బ్రెటాన్ టవర్ పైఅంతస్తు బార్ గురించి రాసి ఉంటుంది. ఆస్‌బెస్టాస్ కారణంగా ఆ టవర్‌ను 2020లో మూసేశారు.

6. ఆదివారం: ట్రాంతెమూ

ఒకటో నంబరు ట్రాములో గార్ మరితీమ్ దాకా వెళ్లి నావిబస్ ఎక్కితే పది నిమిషాల్లో ట్రాంతెమూ రేవులో దిగుతారు. ఒకప్పటి జాలర్ల ఊరు. ఇరుకు సందులు, రంగురంగుల ఇళ్లు, ఒక పాత కాంక్రీటు ఫ్యాక్టరీ గోడకు వేలాడే, రోమన్ సిగ్నర్ అనే కళాకారుడి లోలకం. రెండు గంటలు సరిపోతుంది.

7. తిండి

మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, మళ్లీ రాత్రి 7 తర్వాత. మధ్యలో వంటగదులు మూతే. బక్‌వీట్ పిండితో దోశలా పలచగా పోసే గలెత్ ఇక్కడ ప్రతి వీధిలో దొరుకుతుంది. 'కొంప్లెత్' అడిగితే అందులో పంది మాంసం వస్తుంది. శాకాహారులు 'సాఁ జాంబోఁ' (పంది మాంసం వద్దు) అని చెప్పాలి, 'లార్దోఁ' (పంది మాంసం ముక్కలు) అని రాసి ఉన్నవి వదిలేయాలి. బాదం కేకు గాతో నాంతేలో రమ్ ఉంటుంది, పిల్లలకు పెట్టే ముందు గుర్తుంచుకోండి. 'కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా ఇస్తారు.

ఇంటికి తీసుకెళ్లడానికి ఈ ఊరి పెతి బెర్ బిస్కెట్లు బాగుంటాయి. 1886 నుంచి చేస్తున్నారు, అంచుల చుట్టూ 52 పళ్లు, పైన 24 చిల్లులు. ఆదివారం వెతికితే దుకాణం దొరకడం కష్టం, శనివారమే కొనేయండి.