స్టీరింగ్ వదిలి సొంత టీమ్ పెట్టే ముందు

ఎండ్యూరెన్స్ రేసింగ్‌లో (గంటల తరబడి సాగే కారు రేసుల్లో) పేరు తెచ్చుకుని, ఇక సొంత టీమ్ పెడదామనుకునే వాళ్లు ఫ్రాన్స్‌కు చెందిన డ్రైవర్ ఆన్రీ పెస్కరోలో కెరీర్ ఒకసారి చూడాలి. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో ఆయన 33 సార్లు దిగారు, నాలుగు సార్లు గెలిచారు (1972, 1973, 1974, 1984). 2000లో టీమ్ పెట్టారు. ఓనర్‌గా మాత్రం ఆ రేసు గెలవలేకపోయారు. ఆయనకు తెలివి తక్కువై కాదు, డబ్బు చాలక.

అందుకే కారు ఆర్డర్ ఇచ్చే ముందు ఈ సీజన్‌కే కాదు, వచ్చే సీజన్‌కూ డబ్బు ఎక్కడిదో తేల్చుకోండి. స్పాన్సర్ నోటిమాట నమ్మి మెకానిక్‌లను చేర్చుకోవద్దు. రేసు ఉన్నా లేకపోయినా వాళ్లకు నెల జీతం ఇవ్వాలి. డబ్బు ఇబ్బందుల్లో పడి పెస్కరోలో టీమ్ 2010లో లె మాన్‌కే రాలేకపోయింది, ఆస్తులు వేలానికి వచ్చాయి. జాక్ నికోలే, జోయెల్ రివియేర్ అనే వ్యాపారవేత్తలు వాటిని కొని ఆయనకే తిరిగి ఇచ్చారు. అలాంటి స్నేహితులు అందరికీ దొరకరు.

పెద్ద కంపెనీలు ఏం తయారు చేస్తున్నాయో కనుక్కోండి. 2005 లె మాన్‌లో పెట్రోల్ ఇంజిన్‌తో పెస్కరోలో టీమ్ రెండో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది ఆడి డీజిల్ కారు తెచ్చి గెలిచింది, వీళ్లది మళ్లీ రెండో స్థానమే. 2007లో ప్యూజో కంపెనీ కూడా డీజిల్‌తో దిగేసరికి మూడో స్థానానికి జారారు. చిన్న టీమ్ ఇలా పెద్ద కంపెనీలతో తలపడాల్సి రావడం చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. కానీ రూల్ బుక్ చదవకుండా, అవతలివాళ్ల బడ్జెట్ అంచనా వేయకుండా దిగితే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

సరిపడా టెస్టింగ్ చేయని కారును 24 గంటల రేసుకు తీసుకెళ్లకండి. 1969లో లె మాన్ టెస్టింగ్‌లో పెస్కరోలో నడుపుతున్న మాత్రా 640 కారు ముల్సాన్ స్ట్రెయిట్‌లో (ఆ ట్రాక్‌లోని పొడవాటి తిన్నని దారిలో) గాల్లోకి లేచింది. ఆయనకు తీవ్రంగా కాలిన గాయాలయ్యాయి. ఓనర్ అయ్యాక ఆ సీట్లో కూర్చునేది వేరే ఇంటి బిడ్డ. స్పీడ్‌లో కారు ముందు భాగం తేలికవుతోందని డ్రైవర్ చెబితే వెంటనే పిట్‌లోకి (ట్రాక్ పక్కన మెకానిక్‌లు ఉండే చోటికి) పిలవండి. ఎందుకలా అవుతోందో ఇంజనీర్లు తేల్చేదాకా మళ్లీ ట్రాక్ మీదికి పంపొద్దు, ఆ ఏడాది ఎంట్రీ వదులుకోవాల్సి వచ్చినా సరే.