హార్న్‌స్ట్రాండిర్‌కు బయలుదేరే ముందు జాగ్రత్తలు

ఐస్‌లాండ్ వాయవ్య మూలన వెస్ట్‌ఫియార్డ్స్, దాని కొసన హార్న్‌స్ట్రాండిర్. 1975 నుంచి రక్షిత ప్రాంతం. రోడ్డు లేదు, దుకాణం లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. మర్చిపోయిన వస్తువు అక్కడ దొరకదు.

రోడ్డు మీద
- రాజధాని రేక్యావిక్ నుంచి, పడవ ఎక్కే ఊరు ఈసాఫ్యోర్దుర్‌కు దాదాపు 450 కిలోమీటర్లు. దారి ఒక్కో ఫియార్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) లోపలికంటా వెళ్లి, అవతలి ఒడ్డున తిరిగొస్తుంది. టైము ఎక్కువే వేసుకోండి. పెట్రోలు బంకు కనబడితే ట్యాంకు నింపేయండి.
- ఊరి దగ్గరి 9 కిలోమీటర్ల సొరంగంలో కొంతభాగం ఒకే వరుస. పక్కకు తప్పుకునే చోటు మీ కుడివైపు ఉంటే ఆగాల్సింది మీరే.
- కారు తలుపు గట్టిగా పట్టుకుని తెరవండి. గాలి ఒక్క ఊపు ఊపితే తలుపు కీళ్లు వంగిపోతాయి.

పడవ
- హార్న్‌స్ట్రాండిర్‌కు పడవలు వేసవిలోనే తిరుగుతాయి. తిరుగు ప్రయాణం కూడా ముందే బుక్ చేసుకోండి. సముద్రం బాగోకపోతే పడవ రాదు. అందుకే రెండు రోజుల తిండి అదనంగా ఉండాల్సిందే. దీని విషయంలో బరువు చూసుకోవద్దు.

నడక
- కొన్నిచోట్ల కొండ కింద ఇసుక వెంట నడవాలి, అదీ సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలోనే. ఆటుపోట్ల పట్టిక కాగితం మీద రాసి పెట్టుకోండి.
- ఏరు దాటేముందు బ్యాగు నడుం బెల్టు విప్పండి. పడితే బ్యాగు వదిలేయగలగాలి.
- నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. ఉన్ని వేసుకోండి.
- మంట వేయకూడదు. స్టవ్ తీసుకెళ్లండి.
- నక్కలకు తిండి పెట్టకండి.
- మీ దారి, తిరిగొచ్చే తేదీ ఒకరికి చెప్పి వెళ్లండి. అత్యవసర నంబరు 112.