నీటిలో టార్చ్ మొరాయిస్తే: రీఛార్జబుల్ డైవ్ టార్చ్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రుషికొండలో పగటి డైవ్‌కు దిగేవారి దగ్గరైనా, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో రాత్రి డైవ్‌కు వెళ్లేవారి దగ్గరైనా ఎక్కువగా కనిపించేది అల్యూమినియం గొట్టంలో ఒకే లిథియం-అయాన్ సెల్‌తో నడిచే చేతి టార్చ్. ఆ సెల్ సాధారణంగా 18650 రకమో, కాస్త లావుగా ఉండే 21700 రకమో అయి ఉంటుంది. టార్చ్ పనిచేయకపోతే చాలామంది ముందుగా ఎల్‌ఈడీ కాలిపోయిందని అనుకుంటారు. నా అనుభవంలో మాత్రం లోపం తరచుగా మనం పదేపదే విప్పి బిగించే మూత దగ్గరే దొరికింది. అందువల్ల ఏ లక్షణం కనిపించినా ఓ-రింగ్ (నీరు చొరకుండా మూత దగ్గర ఉండే రబ్బరు వలయం), మరచుట్లు, కాంటాక్టులు, ఈ మూడింటినీ చూడకముందే టార్చ్‌ను మరమ్మతుకు పంపవద్దని నా మనవి.

లోపలికి నీరు చేరింది

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఉప్పునీరు సెల్ రెండు కొనలనూ తాకినప్పుడు విద్యుత్తు ఆ నీటిగుండా ప్రవహించి హైడ్రోజన్, క్లోరిన్ వాయువులు పుడతాయి. గొట్టం బిగించి ఉంటుంది కాబట్టి అవి బయటికి పోలేక లోపల పీడనాన్ని పెంచుతాయి. కాబట్టి పైకి వచ్చిన వెంటనే స్విచ్ ఆపి, టార్చ్ రెండు కొనలూ ఎవరి ముఖం వైపూ లేకుండా పట్టుకుని, ఆరుబయట మూతను కొద్దికొద్దిగా వదులు చేయాలి. గొట్టం వేడిగా ఉన్నా, బుసకొట్టే శబ్దం వస్తున్నా దాన్ని విప్పే ప్రయత్నం చేయకుండా, మంటలు అంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి వేచి ఉండాలి.

ఉప్పునీటిలో తడిసిన సెల్‌ను ఆరబెట్టి మళ్లీ వాడటాన్ని నేను సమర్థించను. దాని కొనలకు టేపు చుట్టి, పాత బ్యాటరీలు సేకరించేవారికి అప్పగించాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారులపైనే పెట్టాయి. గొట్టాన్ని మంచినీటితో రెండు మూడుసార్లు కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ఉప్పు మిగిలితే కాంటాక్టులకు చిలుము పడుతుంది.

ఇక కారణం విషయానికి వస్తే, ఓ-రింగ్ మీద పడిన ఒక్క వెంట్రుక, ఒక ఇసుక రేణువు, తువ్వాలు నుంచి రాలిన ఒక నూలుపోగు చాలు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల వద్ద మొత్తం నాలుగు వాతావరణాలు అవుతుంది. ఆ ఒత్తిడే ఓ-రింగ్‌ను గాడి అంచుకు అదిమి మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది గనుక, వెంట్రుక వంటి చిన్న అడ్డు వల్ల కలిగే కారుడు చాలాసార్లు లోతులో కాకుండా పైపైనే, ఒక్కోసారి పరికరాలు కడిగే తొట్టిలోనే మొదలవుతుంది. 100 మీటర్లకు తగినదని రాసి ఉన్న టార్చ్ 5 మీటర్ల దగ్గరే కారిందంటే అది నాసిరకం సరుకని వెంటనే తీర్మానించకూడదు.

ఓ-రింగ్‌ను పిన్నుతో లాగితే గాటు పడుతుంది. రెండు వేళ్లతో నొక్కి పైకి ఉబ్బేలా చేసి, లేదా పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో లేపి తీయాలి. పోగులు రాలని గుడ్డతో తుడిచి, వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పితే కంటికి కనిపించని గాట్లు కూడా చేతికి తెలుస్తాయి. గాటు పడినా, గుండ్రదనం పోయి చదునైనా మార్చవలసిందే. నైట్రైల్ రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజు సరిపోతుంది. రింగే సిలికాన్‌తో చేసినదైతే అదే గ్రీజు దాన్ని ఉబ్బేలా చేస్తుంది. రంగును బట్టి రబ్బరు రకాన్ని పోల్చుకోలేము, కనుక టార్చ్‌తో పాటు వచ్చిన సూచనలనే అనుసరించాలి. వ్యాజ్‌లైన్, కొబ్బరినూనె, బండికి వాడే గ్రీజు పనికిరావు. రింగు మెరిసేంత గ్రీజు చాలు, అంతకు మించితే ఇసుక అంటుకుంటుంది.

తిరిగి బిగించాక సెల్ లేకుండా, లోపల ఒక మడత టిష్యూ కాగితం పెట్టి, బకెట్ నీటిలో అరగంట ముంచి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే సెల్ వేయాలి.

వెలగడం లేదు, లేదా మిణుకుమిణుకుమంటోంది

చాలా టార్చ్‌ల మరచుట్ల మీద ఉండే ఆనోడైజింగ్ పూత విద్యుత్తును ప్రవహింపనివ్వదు. మూత పావు చుట్టు వదులైతే సర్క్యూట్ తెగిపోవడానికి కారణం అదే. కాబట్టి ముందుగా మూతను చివరిదాకా బిగించండి. తరువాత మరచుట్లలో చేరిన నల్లని మకిలిని చూడండి. అది పాత గ్రీజూ అల్యూమినియం పొడీ కలిసిన ముద్ద. ఓ-రింగ్‌ను పక్కన పెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో మరచుట్లనూ, గొట్టం చివర పూత లేని అంచునూ, స్ప్రింగ్‌నూ తుడవాలి.

కొత్త సెల్ వేశాక సమస్య మొదలైతే దాని కొలత చూడాలి. సెల్ అతిగా ఖాళీ కాకుండా కనెక్షన్‌ను తెంచే రక్షణ సర్క్యూట్ ఉన్న 18650 సెల్ 65 మిల్లీమీటర్లకు మించి 69 దాకా పొడవుంటుంది. అది పట్టని గొట్టంలో మూత పూర్తిగా బిగుసుకోదు, అప్పుడు ఓ-రింగ్ తన చోటికి చేరక నీరు కారే ప్రమాదమూ ఉంటుంది. మరోవైపు తల చదునుగా ఉన్న సెల్ కొన్ని టార్చ్‌లలో కాంటాక్టును అసలు అందుకోదు.

మల్టీమీటర్ ఉంటే అనుమానం త్వరగా తీరుతుంది. పూర్తిగా నిండిన సెల్ 4.2 వోల్టులు చూపిస్తుంది, 3 వోల్టుల దగ్గర ఖాళీ అయినట్టే. సున్నా చూపితే రక్షణ సర్క్యూట్ తెగి ఉండవచ్చు, ఛార్జర్‌లో పెడితే అది తిరిగి కలుస్తుంది. అయితే 2 వోల్టుల కంటే కిందికి పడి నెలల తరబడి ఉన్న సెల్‌ను బతికించబోకండి, లోపలి రాగి కరిగి తరువాత షార్ట్ సర్క్యూట్‌కు దారితీయవచ్చు.

కొద్ది నిమిషాలకే వెలుతురు తగ్గిపోతోంది

గాలిలో పరీక్షిస్తే ఇది లోపం కాదు. నీరు చల్లబరుస్తుందన్న లెక్కతో తయారైన టార్చ్ గాలిలో వేడెక్కి తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది. బకెట్ నీటిలో ఉంచి చూస్తే తేలిపోతుంది. నీటిలోనూ తగ్గితే సెల్ ముసలిదై ఉండవచ్చు.

ఛార్జ్ కావడం లేదు

గొట్టంలోనే యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్న కొన్ని టార్చ్‌లు రెండు వైపులా సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కావు, ఎందుకంటే ఛార్జర్‌కు తమ ఉనికిని తెలిపే నిరోధకాలు వాటిలో ఉండవు. పాత తరహా వెడల్పాటి యూఎస్‌బీ కొన ఉన్న కేబుల్‌తో పెట్టి చూడండి. రంధ్రం తడిగా ఉంటే అసలు ఛార్జ్ పెట్టవద్దు. సెల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు చినిగితే కూడా ఆపేయాలి, ఎందుకంటే లోపలి డబ్బా అంతా రుణధ్రువమే.

అద్దం లోపల మసక

తేమగాలిలో మూత బిగించినప్పుడు ఆ తేమ చల్లని నీటిలో అద్దం మీద పేరుకుంటుంది. ఆరాక ఉప్పు మరక మిగలకపోతే భయం లేదు; పొడి గదిలో విప్పి, సిలికా జెల్ పొట్లంతో ఒక రాత్రి ఉంచండి.

అయస్కాంతపు రింగు స్విచ్ తిరగడం లేదు

ఇది మన తీరానికి బాగా వర్తించే సమస్య. భీమిలి వైపు నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. ఆ రేణువులను స్విచ్‌లోని అయస్కాంతం లాగి పట్టుకుంటుంది. నీళ్లు పోస్తే అవి పోవు. గోరువెచ్చని మంచినీటిలో నానబెట్టి, రింగును అటూఇటూ తిప్పుతూ, మిగిలినవాటిని జిగురు టేపుతో అద్ది తీయాలి.

డైవ్ అయ్యాక మూత విప్పకుండానే అరగంట మంచినీటిలో ఉంచి, బయట పూర్తిగా ఆరిన తరువాతే విప్పాలి. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సెల్‌ను 3.7 వోల్టుల దగ్గర ఉంచి బయటికి తీయాలి. విమానంలో విడి సెల్స్‌ను కొనలు కప్పి చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. టార్చ్‌లోని సెల్‌ను కూడా తీసేయడమే నా అలవాటు, ఎందుకంటే సంచిలో పొరపాటున వెలిగిన డైవ్ టార్చ్ బట్టలను కాల్చగలదు. రాత్రి డైవ్‌కైతే ఇవన్నీ సరిచూసిన టార్చ్‌తో పాటు, అంతే శ్రద్ధగా సరిచూసిన రెండోదీ వెంట ఉండాలి.