జట్లు మారుతూ సాగిన కోచ్ జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా?

బ్రెజిల్ ఫుట్‌బాల్ కోచ్ లూయిజ్ ఫెలిపె స్కొలారి గురించి రాయాలనుకునేవారు సాధారణంగా ఆయన పనిచేసిన జట్ల పట్టికతో మొదలుపెడతారు. సౌదీ అరేబియా, కువైట్, జపాన్, పోర్చుగల్, ఇంగ్లండ్, ఉజ్బెకిస్తాన్, చైనాల మీదుగా సాగే ఆ పట్టికను వాక్యాలుగా మార్చినంత మాత్రాన జీవితకథ కాదు, రైల్వే టైంటేబుల్ అవుతుంది. ప్రతి మజిలీ దగ్గరా ఆ జట్టును ఆయన ఏ స్థితిలో అందుకున్నారు, ఏ స్థితిలో వదిలారు అన్న రెండు ప్రశ్నలు వేసుకుని, గట్టి జవాబు దొరికిన చోట నిలిచి రాసి, మిగిలినవాటిని ఒక్క వాక్యంలో దాటేయడం మేలు.

ఆటగాడిగా గడిపిన రోజులకు ఒక పేరా చాలు. 1948 నవంబరు 9న రియో గ్రాండె దో సుల్ రాష్ట్రంలోని పాసో ఫుండోలో పుట్టిన స్కొలారి సెంట్రల్ డిఫెండరుగా ఎక్కువ కాలం కషియాస్ క్లబ్బుకు ఆడారు, జాతీయ జట్టులో ఎన్నడూ చోటు పొందలేదు, చివరకు మసెయో నగరంలోని సీఎస్ఏ క్లబ్బులో ఆట విరమించి అక్కడే శిక్షణ మొదలుపెట్టారు. ఆయన ఆటతీరును ఎగతాళి చేస్తూ ‘కర్రకాలు’ అనే అర్థం వచ్చే పేరు కూడా పెట్టారు. ఈ వివరాన్ని వదిలేయకండి. అలాంటి డిఫెండరే 2002 ప్రపంచకప్పులో బ్రెజిల్ కోచ్‌గా ప్రముఖ ఫార్వర్డ్ రొమారియోను పక్కన పెట్టి, ముగ్గురు సెంట్రల్ డిఫెండర్లతో జట్టును నిలిపి, ఏడింటికి ఏడు మ్యాచులూ గెలిపించారు.

టైటిళ్ల గురించి రాసే ముందు బ్రెజిల్ పోటీల స్వరూపం తెలుసుకోవాలి, ఎందుకంటే తెలుగు వ్యాసాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. అక్కడి సీజను క్యాలెండరు సంవత్సరాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఐరోపా పద్ధతిలో రెండేళ్లు కలిపి రాయకూడదు. రాష్ట్ర ఛాంపియన్‌షిప్, దేశవ్యాప్త నాకౌట్ పోటీ అయిన బ్రెజిల్ కప్పు, జాతీయ లీగు, దక్షిణ అమెరికా ఖండస్థాయి లిబర్టడోరెస్ కప్పు వేటికవే వేరు. జాతీయ లీగు 2003 నుంచే పూర్తిగా పాయింట్ల మీద నడుస్తోంది. అంతకుముందు విజేతను తేల్చింది నాకౌట్ దశే గనుక, 1996లో గ్రేమియో క్లబ్బు కోచ్‌గా స్కొలారి గెలిచిన టైటిల్ పోర్చుగెసా క్లబ్బుతో ఆడిన ఫైనల్లో వచ్చిందని చెప్పాలి. 1991లో క్రిసియూమా వంటి చిన్న క్లబ్బుకు ఆయన బ్రెజిల్ కప్పు సాధించి పెట్టింది ఆ గ్రేమియోనే ఓడించి.

జట్టును అందుకున్న, వదిలిన స్థితులు ఎంత ముఖ్యమో పల్మెయిరాస్ ఉదాహరణ చూపుతుంది. 2012 జులైలో ఆ క్లబ్బు స్కొలారి ఆధ్వర్యంలో బ్రెజిల్ కప్పు గెలిచింది; సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయారు; ఆ ఏడాది చివరికి జట్టు రెండో డివిజనుకు పడిపోయింది. అదే మనిషి 2018లో సీజను మధ్యలో అదే క్లబ్బుకు తిరిగి వచ్చి జాతీయ లీగు గెలిపించారు. ఒక్క 2012 చూసి ‘విజేత’ అనో ‘విఫలుడు’ అనో తీర్పు చెప్పేస్తే రెండూ తప్పే.

2014 జులై 8న బెలో హొరిజొంతె నగరంలో, ప్రపంచకప్పు సెమీఫైనల్లో స్కొలారి కోచ్‌గా ఉన్న బ్రెజిల్‌కు జర్మనీ చేతిలో ఎదురైన 7–1 ఓటమిని ఏం చేయాలి? నా మట్టుకు దాన్ని వ్యాసం తొలి వాక్యంలో పెట్టను, కాలక్రమంలో అది వచ్చే చోటే ఉంచుతాను. గాయంతో నేమార్, నిషేధంతో థియాగో సిల్వా ఆ మ్యాచుకు దూరమయ్యారని రాయాలి గాని అదే పూర్తి కారణమన్నట్టు రాయకూడదు. ఏడాది ముందు కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్లో స్పెయిన్‌ను 3–0తో ఓడించిందీ, తరువాత చైనాలోని గ్వాంగ్‌జౌ జట్టుతో 2015 నుంచి వరుసగా మూడు లీగు టైటిళ్లు గెలిచిందీ ఆయనే. ఓటమి ఎదురైన బెలో హొరిజొంతె నగరానికే ఆయన 2020లో క్రుజేరో, 2023లో అట్లెటికో మినేరో క్లబ్బుల కోచ్‌గా తిరిగి రావడం మాత్రం తప్పక చెప్పదగినది.

పేర్లను పోర్చుగీసు పలుకుబడికి దగ్గరగా ఒకే రీతిలో రాయండి. అభిమానులు పిలిచే ‘ఫెలిపావ్’ అనే పేరుకు ‘పెద్ద ఫెలిపె’ అని అర్థం. దాని చివర వినిపించే ముక్కుపలుకుకు మన అరసున్నా సరిగ్గా సరిపోయేది, కానీ ఈనాటి పాఠకుడు అక్కడ తడబడతాడు కాబట్టి వాడకపోవడమే మంచిది.