మాక్రో ఫొటోలకు తోటలోకి దిగే ముందు: కెమెరా దించకుండా జరగొద్దు

వానలు పడ్డాక తోటలో పురుగులు పెరుగుతాయి, వాటిని అతి దగ్గరగా, పెద్దగా చూపించే మాక్రో ఫొటోల కోసం లెన్స్ పట్టుకు తిరిగేవాళ్లూ పెరుగుతారు. మొన్న తెలిసినాయన ఒకరు మిడతను తీస్తున్నాడు. అది పక్క ఆకు మీదికి గెంతితే, కెమెరా కంటి దగ్గరే ఉంచుకుని తనూ పక్కకు జరిగాడు. కొమ్మ కిందున్న కందిరీగల తుట్టెకు భుజం తగిలింది. మొహం, మెడ అంతా కుట్టేసి ఆసుపత్రి పాలయ్యాడు.

ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి, నీళ్లు పట్టుకెళ్లండి లాంటివి మీకు తెలిసినవే. నేను చూసిన ప్రమాదాల్లో చాలావాటి వెనక ఉన్నది ఒకటే తప్పు. వ్యూఫైండర్‌లోంచి కన్ను తీయకుండా కదలడం.

మాక్రోలో ఈ తప్పు ఎంత సులువో చూడండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాతో 1:1కి, అంటే పురుగు సెన్సర్ మీద దాని అసలు సైజులోనే పడేంత దగ్గరికి వెళ్తే మీకు కనిపించేది 36 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే. లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 11 పెట్టినా ఫోకస్‌లో నిలిచే లోతు మిల్లీమీటరు, మహా అయితే మిల్లీమీటరున్నర. అందుకే లెన్స్ మీది ఫోకస్ రింగు తిప్పడం మానేసి ఒళ్లే ముందుకీ వెనక్కీ ఊపుతూ ఫోకస్ పట్టుకుంటాం. 100 ఎంఎం లెన్స్‌తో ఆ స్థితిలో లెన్స్ కొసకూ పురుగుకూ మధ్య సాధారణంగా జానెడు దూరం కూడా ఉండదు. ఫోన్ మాక్రో అయితే రెండు మూడు సెంటీమీటర్లే, అంటే వేళ్లు దాదాపు పురుగు మీదే. ధ్యాసంతా ఈగ కంటి మీద ఉంటే మోచెయ్యి ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? స్టాకింగ్ (ఫోకస్ మార్చుతూ తీసిన ఫ్రేముల్ని ఒకే ఫొటోగా కలపడం) కోసం వరసగా ఫ్రేములు కొట్టేవాళ్లు మరీ ఘోరం, పిలిచినా పలకరు.

కాబట్టి జరగాలనుకుంటే ముందు కెమెరా దించండి. కొమ్మ కింద, ఆకు వెనక, మోకాలు ఆనించే చోట చూడండి. ఆ తర్వాతే జరగండి. ఈలోపు పురుగు ఎగిరిపోతే పోనీయండి.

కందిరీగలు, తేనెటీగలు

తుట్టె మీదికి ఊపిరి వదలొద్దు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వాటిని రెచ్చగొడుతుంది. తుట్టె ఉన్న కొమ్మకు లెన్స్ హుడ్ తగిలినా కష్టమే. ముదురు రంగు బట్టలు, సెంటు వద్దు. తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోయి విషం ఎక్కిస్తూ ఉంటుంది. దాని నుంచి వచ్చే వాసన మిగతా ఈగల్ని కూడా పిలుస్తుంది. అందుకే అక్కడ నిలబడి చేతులు విసరకుండా ముందు దూరంగా వచ్చేయండి. ముల్లును గోటితో గీకుతారో, లాగుతారో మీ ఇష్టం, ఆలస్యం మాత్రం చేయొద్దు. పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా చిట్కా వైద్యాలు పెట్టుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఎలర్జీ ఉండి డాక్టరు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అది జేబులో ఉండాలి, కెమెరా బ్యాగులో కాదు.

రాత్రి షూట్లు

తల మీది లైటుకు పురుగులు మీ మెడ మీదికే వస్తాయి. వాటిలో నలుపు, నారింజ పట్టీలున్న సన్నటి పేడెరస్ పురుగు ఉంటే చరిచి చంపొద్దు. అది కుట్టదు, కరవదు. నలిగితే దాని రసం తగిలిన చోట ఒకటి రెండు రోజుల్లో బొబ్బలెక్కుతుంది. మెల్లగా ఊది దులిపేసి, సబ్బుతో కడుక్కోండి.

ఇక మిగతావి:

- చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఈగల రొద వినపడాలి.
- స్ట్రాప్ మెడలో వేసుకోవద్దు.
- పారిపోయే దారి ముందే చూసి పెట్టుకోండి.
- గడ్డిలో పడుకునే ముందు కర్రతో కదపండి. పాము ఉంటే తప్పుకుంటుంది.
- చెప్పులతో దిగొద్దు.
- గొంగళి పురుగును వేలితో జరపొద్దు. నూగు గుచ్చుకుంటే రుద్దకుండా సెల్లోటేపు అంటించి లాగండి. కంట్లో పడితే కంటి డాక్టరే.
- యాక్షన్ షాట్ కోసం తుట్టెను పుల్లతో గెలకడం, పురుగును ఫ్రిజ్‌లో పెట్టడం: రెండూ చేయొద్దు.
- కొత్తగా పురుగుమందు కొట్టిన మొక్కల్లోకి వెళ్లొద్దు. అడిగి వెళ్లండి.
- పురుగు కదిలిందా? కెమెరా దించండి. ఇంకో యాంగిల్ కావాలా? కెమెరా దించండి. వెనక్కి జరుగుతున్నా సరే, దించండి.
- ఇంటికి రాగానే బట్టలు ఉతకడానికి వేసి స్నానం చేయండి. స్క్రబ్ టైఫస్ (పొదల్లోని సన్నటి పురుగులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) ఉన్న ప్రాంతమైతే, వారం పది రోజుల తర్వాత జ్వరం వచ్చినా పొదల్లో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. ఒంటి మీద నల్లటి పెచ్చు కనిపిస్తే అదీ చూపించండి.