మిద్దె ఇంట్లో మనిషి ఫోటో: ముఖం చెడటానికి కారణాలు, సరిచేసే దారులు

కడప జిల్లా పల్లెల్లోని పాత మిద్దెల్లో గోడలు మందంగా, కిటికీలు చిన్నవిగా ఉండటం వల్ల నడింట్లోకి వెలుతురు ఎక్కువగా పైకప్పులోని గవాచి (వెలుతురు కోసం వదిలిన కంత) నుంచే దిగుతుంది. నేలమీది నల్ల కడప బండలు ఆ వెలుతురులో చాలావరకు మింగేస్తాయి. అలాంటి చోట అవ్వ ఫోటో చెడిపోతే కెమెరా మార్చాలనుకునే ముందు, తీసిన ఫోటోను పెద్దది చేసి చూడటం మంచిది.

ముఖం మసకగా వచ్చింది

ఈ ఒక్క లక్షణం వెనుక మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ముఖంతోపాటు వెనక గోడ మీది క్యాలెండరు అంకెలు కూడా ఒకే దిక్కుకు సాగినట్టు కనిపిస్తే, కదిలింది మీ చెయ్యి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, స్తంభానికో ద్వారబంధానికో ఒరిగి తీయండి. అంకెలు స్పష్టంగా ఉండి ముఖం మాత్రమే చెదిరితే కదిలింది అవ్వ. అప్పుడు ట్రైపాడ్ గానీ లెన్సులోని స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసేది) గానీ పనికిరావు, షట్టర్ వేగమే పెంచాలి, అంటే కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే సమయం తగ్గించాలి. కుదురుగా కూర్చున్న మనిషికి 1/100 సెకను సాధారణంగా సరిపోతుంది, ఒళ్లో మనవడు ఉంటే 1/250 అయినా కావాలి. ఫోన్‌లోని నైట్ మోడ్ వరుసగా తీసిన కొన్ని ఫ్రేములను కలిపి ఒక ఫోటో చేస్తుంది కనుక, పిల్లలున్నచోట దాన్ని ఆపేయడమే మేలు.

ఇక చెవి కమ్మ మీది రాళ్లు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా ఉండి కన్ను మాత్రం మెత్తబడితే ఫోకస్ తప్పిందన్నమాట. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాకు 50 ఎంఎం లెన్సు పెట్టి, ఎఫ్/1.8 వద్ద (ఇది లెన్సు తెరుచుకునే కొలత, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకున్నట్టు) మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 4 సెంటీమీటర్లే. ఫోకస్ పాయింటును దగ్గరి కంటి మీద పెట్టండి. లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుంటుంటే ఎవరిచేతనైనా ఫోన్ టార్చి చెంప మీద పడేలా వేయించి, ఫోకస్ కుదిరాక ఆర్పించండి.

గింజలు గింజలుగా ఉంది

ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) పెంచితే నాయిస్, అంటే ఈ గింజలు, వస్తుందన్న భయంతో 400 దగ్గరే ఆగి, నల్లగా వచ్చిన ఫోటోను తర్వాత కంప్యూటర్లో వెలిగించేవారే ఎక్కువ. నిజానికి చీకటిగా తీసి వెలిగించిన ఫోటో, 3200తో సరైన ఎక్స్‌పోజర్‌లో తీసినదానికన్నా సాధారణంగా అధ్వానంగానే ఉంటుంది. కెమెరాతో వచ్చే 18-55 లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు, ఎఫ్/1.8 లెన్సు దానికన్నా 9 రెట్లకు పైగా వెలుతురు లోపలికి రానిస్తుంది. డబ్బు పెట్టదలచుకుంటే ముందు దీనికే పెట్టాలి.

అడ్డచారలు, రెండు రంగులు

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చౌకరకం ఎల్‌ఈడీ ట్యూబులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/100 లేదా 1/50 పెడితే చారలు పోతాయి. ఒక చెంప నీలంగా, మరో చెంప పసుపుగా వస్తే గవాచి వెలుతురు, బల్బు వెలుతురు కలిసిపోయాయని అర్థం. బల్బు ఆర్పేయండి.

కళ్లు గుంతల్లా నల్లబడ్డాయి

మనిషిని సరిగ్గా గవాచి కిందే కూర్చోబెడితే నుదురు, ముక్కు మెరిసి, కళ్ల మీద నీడ పడుతుంది. పీటను రెండు మూడు అడుగులు వెనక్కి జరిపి, ముఖం గవాచి వైపు తిప్పించండి. వెలుతురు ఏటవాలుగా కళ్లలోకి చేరుతుంది. ఒళ్లో, ముందరి బండల మీద తెల్ల పంచె పరిస్తే గడ్డం కిందికి కూడా కాస్త వెలుగు ఎగదన్నుతుంది, పంచె మాత్రం ఫ్రేములో పడకుండా చూసుకోవాలి. ఇంత చేసినా చాలక విడి ఫ్లాష్ వాడవలసి వస్తే, దాన్ని పైకప్పుకు కొట్టవద్దు. పొగచూరిన దూలాలు వెలుతురును తాగేసి, మిగిలినదాన్ని గోధుమరంగులో పంపుతాయి. పక్కనున్న సున్నపు గోడకేసి తిప్పి కొట్టండి.